కథల మీద కొట్లాటలు, ఆటల మీద కొట్లాటలు

‘‘ఆ కథలో పిల్ల ఎవణ్ణి చేసుకుంటే నీకేమే? అన్నం చల్లారిపోతోంది, లే’’ అని ఈ మధ్య మీ ఇంట్లో ఎవరైనా ఎవర్నైనా కసిరారా? లేకపోతే, ‘‘ఆటలో కత్తికి ఎంత బలముంటే మీకేంట్రా, పన్నెండయింది, పడుకోండి’’ అని మేడమీది పిల్లల మీద కేకలేశారా? వేసే ఉంటారు. నాలుగు రోజులు చూసి, అయిదో రోజు ఆ పిల్లనో పిల్లవాణ్ణో వెంటబెట్టుకుని నాలాంటి వాడి దగ్గరికి వస్తారు. ‘‘డాక్టరుగారూ, వీడికేదో పట్టింది, చూడండి’’ అంటారు. సర్కారు ఆసుపత్రిలో ఓ.పి. చూసే వాడికి జ్వరాలు, తేలుకాట్లు, కీళ్ళనొప్పులు కొత్తగాదు. గత అయిదారేళ్ళుగా ఈ రకం కేసులు కూడా అప్పుడప్పుడూ తగులుతున్నాయి. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: ‘‘మానెయ్యమని మీరొక మాట చెప్పండి సార్. మా మాట వినరు, మీరు చెబితే వింటారు.’’

ఆ మాట నేను సాధారణంగా చెప్పను. ఎందుకు చెప్పనో, ఏ లక్షణాలు కనబడితే మీరు నిజంగా భయపడాలో, ఏవి చూసి నవ్వుకుని ఊరుకోవచ్చో ఈ వారం రాస్తాను.

అసలు ఈ గొడవేమిటో తెలియని పెద్దలకు ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఇప్పటి పిల్లలు ఫోనులో బొమ్మల కథలు చదువుతున్నారు. మనం ‘చందమామ’ చదివినట్టు పేజీలు తిప్పడం ఉండదు. వేలితో పైకి తోసుకుంటూ పోవడమే. వీటిలో చాలా భాగం దక్షిణ కొరియా నుంచి వచ్చేవి. వారానికొక భాగం వస్తుంది, సరిగ్గా పట్టు మీద ఆగిపోతుంది. మన ‘సశేషం’ లాంటిదే అనుకోండి. 2018లో మొదలైన ‘ట్రూ బ్యూటీ’ అనే కథ వీటిలో బాగా పేరుమోసింది. ముఖానికి రంగులు పూసుకుని అసలు ముఖం దాచుకునే ఒక స్కూలు పిల్ల. ఆమె చుట్టూ ఇద్దరు కుర్రాళ్ళు, సుహో అని ఒకడు, సొజున్ అని ఇంకొకడు. చదివేవాళ్ళు రెండు పక్షాలుగా చీలి ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. కథ అయిపోయింది గాని కొట్లాట అయిపోలేదు.

(ఇక్కడొక మాట. ఈ కథలు చదివే ఆడపిల్లలు ముఖం తెల్లబడాలని మందుల షాపులో చీటీ లేకుండా ఏదో ట్యూబు కొని పూస్తున్నారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి పదిహేను రోజులు ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండలోకి వెళితే మంట పుడుతుంది. పూయడం మానితే ఇంకా రేగుతుంది. మీ ఇంట్లో అలాంటి ట్యూబు ఉంటే దాని మీది పేరు డాక్టరుకు చూపించండి.)

ఇక ఆటల సంగతి. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో వీరులు. ఎవడి కత్తి తగిలింది, ఎంత దెబ్బ తగిలింది అన్నది పాచికలు వేసి తేలుస్తారు. పాచికకు మనకు తెలిసినట్టు ఆరు ముఖాలే కాదు, ఎనిమిది, పది, ఇరవై ముఖాలవి కూడా ఉంటాయి. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు కళ్ళ మంటలని వచ్చి, ఓ.పి. చీటీ వెనక పెన్నుతో బొమ్మ గీసి మరీ నాకు ఇదంతా చెప్పాడు. వాళ్ళ జట్టులో కథ చెప్పేది అతనే. ‘‘పొడుగు కత్తి ఉంది సార్. ఒక చేత్తో పట్టుకుంటే ఎనిమిది ముఖాల పాచిక. రెండు చేతులతో పట్టుకుంటే పది ముఖాల పాచిక. మావాడు ఎడమ చేతిలో డాలు పెట్టుకుని పది ముఖాలది వేస్తానంటాడు. ఎట్ల కుదురుతుంది సార్, మీరే చెప్పండి!’’ అన్నాడు. బయట నలభై మంది రోగులు లైనులో ఉన్నారు. అయినా ఆ కుర్రాడి ముఖంలోని న్యాయావేశం చూసి, ‘‘కుదరదు నాయనా’’ అని నేను తీర్పు చెప్పవలసి వచ్చింది. కళ్ళలో వేసుకోవడానికి చుక్కల మందు రాసి, రాత్రి పదకొండు తర్వాత ఆట కట్టెయ్యమని పంపేశాను. ఈ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోండి. అతని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇదంతా ఈ కాలపు పిచ్చి అనుకునేవారికి మా వీధి సంగతి చెబుతాను. నా చిన్నతనం ఈ జిల్లాలోనే ఒక చిన్న టౌనులో గడిచింది. 1980 ప్రాంతాల్లో మా వీధిలో వారపత్రిక ఒక్క ఇంటికే వచ్చేది, ఏడిళ్ళు తిరిగేది. మా ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయి, మధ్యలో పిన్నులు పోయి, సీరియల్ పేజీ మీద పసుపు మరకలుండేవి. నవలలు అద్దెపుస్తకాల షాపు నుంచి వచ్చేవి. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ అప్పటికే పాతదయిపోయింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చి ఆడి వెళ్ళిపోయింది. అయినా మా అమ్మకూ పక్కింటి అత్తకూ ఆ కథ తేలలేదు. జయంతికి అంత పౌరుషం పనికిరాదని అత్త పక్షం. ఆ రాజశేఖరం మనసులో మాట ముందే చెప్పి ఏడిస్తే ఏ గొడవా లేకపోను గదా అని మా అమ్మ పక్షం. ఒకసారి ఈ తగాదా ముదిరి వారం రోజులు గోడ మీదుగా ఊరిబిండి గిన్నె అటూ ఇటూ పోలేదు. వాళ్ళనెవరూ ఆసుపత్రికి తీసుకుపోలేదు.

కత్తుల లెక్కల తగాదా కూడా మనకు కొత్తేమీ కాదు. మా ఊళ్ళ రచ్చకట్టల మీద, పాత గుళ్ళ అరుగుల మీద గీతలు చెక్కి ఉంటాయి చూడండి, అవి పులిజూదం గీతలు. 3 పులులు, 15 మేకలు. పులి గీత వెంబడి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. పులి ఒక ఎత్తులోనే వరసగా రెండు మేకల్ని తినొచ్చునా? 15 మేకలూ దిగకముందే దిగిన మేకను కదపొచ్చునా? ఇక్కడే తుండుగుడ్డలు దులిపి లేస్తారు. ఊరికో లెక్క. ఆడవాళ్ళ అష్టాచెమ్మాలోనూ అంతే. ఎదుటివాళ్ళ కాయను ఒక్కదాన్నైనా చంపకుండా లోపలి గళ్ళలోకి పోకూడదని కొందరిళ్ళలో చట్టం, మరికొందరిళ్ళలో అది వర్తించదు. కొత్త కోడలు వచ్చిన మొదటి వేసవిలో ఈ చట్టం మీద ఎన్ని గవ్వలు గాలిలోకి ఎగిరాయో లెక్కలేదు.

ఇంత వానలేని నేలలో ఆటలూ కథలూ ఎక్కువగా ఉండటంలో వింత లేదు. ఏడాదికి మాకు పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ శనక్కాయ పైరుకు కావలసిన రోజున పడదు. వాన కోసం కూర్చున్న మనిషికి పొద్దు గడవాలి గదా.

ఇప్పుడు వైద్యం సంగతి. మనిషి వాదనలో వేడెక్కినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పైకి పోతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాడిలో వాదన అయిపోయిన కొంతసేపటికి ఇవన్నీ సర్దుకుంటాయి. కథ కోసమైనా, కాయ కోసమైనా, మేనమామ ఆస్తి కోసమైనా శరీరానికి తేడా తెలియదు. ఆస్తి తగాదా మాత్రం రాత్రి పడుకున్నాక కూడా బుర్రలో తిరుగుతుంది. ఆట తగాదా మామూలుగా అలా తిరగదు. తిరుగుతోందీ అంటే, నిద్ర చెడుతోందీ అంటే, అప్పుడు అది నా దాకా రావలసిన విషయం.

ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక తల్లిదండ్రుల సంగతి చెబుతాను. మగ్గం ఉన్న ఇల్లు. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. పది రోజులుగా పిల్లను కాలేజీకి పంపలేదు. తల్లి నా బల్ల దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పింది: ‘‘రాత్రంతా ఫోన్లో ఎవురితోనో కొట్లాడతాంటాది సార్. ‘వాడు మంచోడు కాదు, వాణ్ణి వదిలేసి ఇతన్నే చేసుకోవల్ల’ అంటా ఏడుస్తాది. ఎవుడో పిల్లోని యవ్వారమని మా ఆయన సంబంధాలు సూడబట్టినాడు.’’ తండ్రి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. పిల్ల తల వంచుకుంది. పాలిపోయిన ముఖం, కళ్ళ కింద నలుపు.

వాళ్ళిద్దర్నీ బయట కూర్చోమని, నర్సమ్మను పక్కన ఉంచి, పిల్లనే అడిగాను. కొంతసేపటికి ఫోను తీసి చూపించింది. ఆ ‘మంచోడు కాని వాడు’ బొమ్మల కథలో వాడు! ఎక్కడెక్కడి పిల్లలో ఒకచోట చేరి ఆ కథ గురించి రాత్రిళ్ళు వాదించుకుంటున్నారు. మరి ఈ మాట ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, ‘‘బొమ్మల కోసం ఏడుస్తావా అని నవ్వుతారని సార్’’ అంది. చూశారా, నవ్వుతారని భయపడి ఒక పిల్ల చదువూ పెళ్ళీ మీదకి తెచ్చుకుంది. తల్లిదండ్రులను లోపలికి పిలిచి ఆ బొమ్మలు వాళ్ళకే చూపించాను. తండ్రి చాలాసేపు చూశాడు. ‘‘వీళ్ళ ముఖాలన్నీ ఒగే తీరుగా ఉండాయే, ఎట్ల గుర్తుపడతావు పాపా?’’ అన్నాడు. ఆ పూటకు అది చాలు. మరుసటి సోమవారం నుంచి కాలేజీకి పంపుతానని నా ఎదుటే చెప్పాడు, పంపాడు కూడా.

కాని ఆ పిల్ల పాలిపోయి ఉందన్నాను గదా. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి తలనొప్పి. ఇంట్లో అందరూ ఫోను వల్లే అనుకున్నారు. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దాటలేదు. పెద్ద ఆడపిల్లకు 12 ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మీ వీధిలో ఫోను పట్టుకున్న ఆడపిల్లలోనూ సగం మందికి, పట్టుకోని ఆడపిల్లలోనూ సగం మందికి ఉండవచ్చునన్నమాట. ఐరన్ మాత్రలు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. కాఫీ, టీలతో మింగవద్దు, నిమ్మరసంతోనో జామకాయతోనో మింగితే బాగా పట్టుతాయి. విరేచనం నల్లగా అయితే కంగారుపడవద్దు. రక్తం సరిపడా పెరిగాక కూడా మూడు నెలలు మానకుండా వాడాలి. నులిపురుగుల మాత్ర కూడా వేయించాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో అడగాలి. ఫోను మీద నేరం మోపి ఊరుకుంటే ఇవేవీ బయటపడవు.

ఫోనుకు నేరమే లేదని నేననను. యుక్తవయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పెద్దవాళ్ళకు కనీసం 7. తెర వెలుగు నిద్రను కొంత వెనక్కి నెడుతుంది, అంతకంటే ఎక్కువగా నెట్టేది ‘‘వాడేం జవాబు రాశాడో’’ అన్న ఆత్రం. తెర చూస్తున్నంతసేపూ రెప్పలు తక్కువసార్లు పడతాయి, అంచేత కళ్ళు ఎండి మండుతాయి. 20 నిమిషాలకొకసారి, 20 సెకన్లపాటు, 20 అడుగుల అవతలి వస్తువును చూడమనండి. వాకిట్లో వేపచెట్టు ఉంటే అది చూస్తే సరి. రాత్రి ఫోను పిల్ల మంచం దగ్గర కాకుండా వంటింట్లో ఛార్జింగు పెట్టండి. ఆ పిల్లకు నేనిదే చెప్పాను. ‘‘నీ జవాబు పొద్దున రాయి, ఆవేశం తగ్గి బాగా రాస్తావు’’ అన్నాను. తల్లి ఫోను కూడా అదే వంటింట్లో పెట్టాలన్నది నా షరతు. తల్లికి అది రుచించలేదు.

రెండో కేసు కళ్యాణదుర్గం వైపు ఊరిది. అరవై ఎనిమిదేళ్ళ రైతు. కొడుకు బెంగుళూరులో పని చేస్తూ తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చిందని తెలిసి పరుగెత్తుకొచ్చాడు. రచ్చకట్ట మీద పులిజూదం ఆడుతూ, నేను పైన చెప్పిన రెండు మేకల తగాదాలో లేచి అరిచి, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడట. కొడుకు వచ్చీ రాగానే, ‘‘ఆట మానమని రాసియ్యండి సార్, చీటీ మీద రాసియ్యండి’’ అన్నాడు. ముసలాయన నావంక దీనంగా చూశాడు.

ఇ.సి.జి. తీయించాను, తేడా ఉంది. రక్తపోటు 180 మీద ఉంది. ‘‘బి.పి. మాత్రలు వేసుకుంటున్నావా పెద్దాయనా?’’ అంటే, ‘‘యేసుకుంటాండా సార్, దినం ఇడిసి దినం’’ అన్నాడు. ఎందుకట? ఆసుపత్రికి రావాలంటే బస్సు, బస్సుకు డబ్బు, ఒక పూట పని. ముప్పై మాత్రలు రెండు నెలలు వస్తాయని ఆయన లెక్క. పాఠకులారా, ఆయన గుండెను పట్టి పీడించింది పులి కాదు, ఈ లెక్క! రోజు విడిచి రోజు వేసుకుంటే బి.పి. మాత్ర సగం పని చేయడం కాదు. చాలామందిలో వేసుకోని రోజున రక్తపోటు మళ్ళీ పైకి పోతుంది.

అనంతపురం పంపించి గుండె డాక్టరుకు చూపించాం. మందులు కుదిరాయి. అప్పుడు కొడుకు మళ్ళీ ఆట సంగతి ఎత్తాడు. నేను అతన్ని ఒకటే అడిగాను: ‘‘ఆట మానిపిస్తే మీ నాయన పగలంతా ఎవరితో మాట్లాడతాడు?’’ భార్య పోయింది. కొడుకు ఫోను ఆదివారం సాయంత్రం. వానల్లేక సగం ఊరు బెంగుళూరు చేరింది. మిగిలిన ఆరేడుగురు ముసలివాళ్ళు పొద్దున్నే చేరేది ఆ రచ్చకట్ట మీదే. మనిషికి పలకరింపు లేకపోవడం గుండెకూ మెదడుకూ చెరుపు చేస్తుందని ఇప్పుడు వైద్యులందరూ ఒప్పుకుంటున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద ప్రత్యేకంగా ఒక కమిషన్ను వేసింది.

అంచేత ఆట మానమని రాయలేదు. చీటీ మీద నేను రాసింది ఇది: మాత్ర రోజూ. ఆట పొద్దున ఎండెక్కకముందు. పక్కన నీళ్ళ చెంబు. గంటకొకసారి లేచి గుడి దాకా నడిచి రావాలి. బీడీ ఒక్కటి కూడా లేదు. ఆట మొదలుపెట్టకముందే, పులి ఒక ఎత్తులో ఎన్ని మేకల్ని తింటుందో నలుగురూ ఒప్పుకుని బొగ్గుతో గోడ మీద రాయాలి. చివరిది చదివి కొడుకు నవ్వాడు. ముసలాయన మాత్రం నవ్వలేదు. ‘‘ఒగటే రాయించండి సార్, మీరు చెప్పినారంటే వాళ్ళు ఇంటారు’’ అన్నాడు. తన పక్షం తీర్పు డాక్టరు చేత రాయించుకుపోదామని! నేను ఒప్పుకోలేదు.

గుండె నొప్పి ఉన్నవాళ్ళు నాలిక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉంచుకోవాలి. నొప్పి రాగానే ముందు కూర్చోవాలి, తర్వాత మాత్ర పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగి పడతారు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఇక చూడవద్దు, 108కి ఫోను చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. మగతనానికని వాడే మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ప్రమాదం.

ఇక ఆ ఇంజనీరింగ్ కుర్రాడు. కళ్ళ మంటలకు వచ్చి వెళ్ళిన ఏడాదికి తండ్రి మళ్ళీ తీసుకొచ్చాడు. ఈసారి కడుపునొప్పి, ఆకలి లేదు. ఆరేడు కిలోలు తగ్గాడు. తండ్రి మాత్రం ఒక విషయంలో సంతోషంగా ఉన్నాడు. ‘‘ఆ పాచికల పిచ్చి వదిలింది సార్. మూడు నెలలయింది, ముట్టుకోలేదు. స్నేహితులు ఫోను చేసినా ఎత్తడు. రూములోనే ఉంటాడు, బుద్ధిగా’’ అన్నాడు.

కడుపు నొక్కి చూశాను, ఏమీ లేదు. ఊరికే అడిగినట్టు అడిగాను: ‘‘ఏం నాయనా, ఆ డాలు పెట్టుకున్నవాడి సంగతి ఏమయింది? పది ముఖాల పాచిక వేయనిచ్చావా?’’ వెనకటిసారి ఆ కుర్రాడు ఆ విషయం మీద లైనునంతా ఆపేసిన మనిషి. ఇప్పుడు నావైపు చూడకుండా, ‘‘ఏది వేస్తే ఏముంది సార్’’ అన్నాడు.

అప్పుడు నాకు భయం వేసింది. ఇన్నేళ్ళలో వాదించేవాళ్ళను చూసి నేనెప్పుడూ అంత భయపడలేదు. ఇష్టమైనదాని మీద ఇష్టం పోవడం, స్నేహితులు బరువనిపించడం, నిద్ర చెడటం లేదా రోజంతా నిద్రే కావడం, ఆకలి పోవడం, తానెందుకూ పనికిరాననిపించడం, ఇవి రెండు వారాలకు మించి ఉంటే దాని పేరు డిప్రెషన్. మన ఇళ్ళలో దాన్ని బుద్ధిమంతనం అనుకుంటాం. పిల్లవాడు అల్లరి మానేశాడు, ఫోను మానేశాడు, గదిలో కూర్చుంటున్నాడు, దేవుడు కరుణించాడు అనుకుంటాం. కడుపునొప్పి, తలనొప్పి అని తప్ప వాళ్ళు ఇంకోలా చెప్పుకోలేరు.

తండ్రిని బయటికి పంపి, సూటిగానే అడిగాను: ‘‘చచ్చిపోవాలనిపిస్తోందా?’’ ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయం. అలా పుట్టదు. అడిగినవాడు ఒకడు దొరికాడని బరువు దిగుతుంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అవునన్నట్టు తలాడించాడు. మూడు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో చెప్పలేదు. తండ్రి శనక్కాయ పంట మీద చేసిన అప్పు ఎంతో అతనికి రూపాయలతో సహా తెలుసు. ఆట ఆడుతుంటే ఆ అప్పు గుర్తొచ్చి మానేశాడు.

ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి పంపించాం. ఒంటరిగా వదలవద్దని, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి తాళం వేయమని తండ్రికి చెప్పాను. రైతు ఇళ్ళలో ఇది అన్నిటికంటే ముందు చేయవలసిన పని. మందులు పని చేయడానికి రెండు మూడు వారాలు పట్టుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నాలుగు రోజులు వేసి గుణం లేదని మానవద్దు. నయమనిపించగానే మీకు మీరుగా ఆపవద్దు. డాక్టరు దూరమైతే టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. 2022 నుంచి దేశమంతా నడుస్తోంది, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు పడదు.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నే మీరూ అడుగుతారు: ‘‘మరి ఆట వ్యసనం కాదా సార్?’’ అవుతుంది, కొందరికి. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో వీడియో ఆటల వ్యసనాన్ని జబ్బుగా చేర్చారు. దానికి గుర్తులు చెప్పారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతుల్లో ఉండదు. తిండి, చదువు, పని, మనుషులు అన్నీ దాని తర్వాతే. నష్టం జరుగుతున్నా ఆగలేడు. ఇదంతా మామూలుగా ఏడాదిపాటు కనబడాలి. మూడు రాత్రులు మేలుకున్నంత మాత్రాన కాదు. ఇక నలుగురు ఒక బల్ల చుట్టూ ఎదురెదురుగా కూర్చుని పాచికలేసుకోవడం ఆ పట్టికలోదే కాదు. డబ్బు పెట్టి ఆడితే మాత్రం అది జూదం, దాని దారి వేరు. అలాగే, వాదన ‘‘నీ లెక్క తప్పు’’ దగ్గర నుంచి ‘‘నీ కులమేంటి, నీ అమ్మ ఎవరు’’ దగ్గరికి పోతే, ఫోనులో ముఖం తెలియని వాళ్ళు మీ పిల్లను ఫోటోలు అడుగుతుంటే, బెదిరిస్తుంటే, అది కథ గొడవ కాదు. ఆ రాసినవి చెరపకుండా దాచి పోలీసులకు చెప్పాలి. పిల్లను మాత్రం తిట్టవద్దు. తిడితే రెండోసారి మీకు చెప్పదు.

ఆ కుర్రాడికి నేను మందులు కాకుండా అడిగింది ఒకటే. ఆ పాత జట్టును, నలుగురినీ, ఆదివారం పూట ఇంటికి పిలవమన్నాను. ఆడకపోయినా సరే, వచ్చి కూర్చోనీ అన్నాను. తండ్రికి మొదట నచ్చలేదు. రెండు ఆదివారాలు కుర్రాడు గదిలోంచి బయటికి రాలేదట. వాళ్ళు హాల్లో కూర్చుని, అతని తల్లి పెట్టిన ఉగ్గాని, బజ్జీలు తిని వెళ్ళిపోయారు. మూడోవారం కథ చెప్పేవాడు లేక వాళ్ళలో ఒకడు తప్పుల తడకగా చెబుతుంటే, లోపలి నుంచి, ‘‘ఆ విల్లు ఒకసారి వదిలినాక మళ్ళీ బాణం ఎక్కించల్ల గదరా!’’ అని కేక వినబడిందట. ఈ మాట నాకు తండ్రే చెప్పాడు. పరీక్షలు మళ్ళీ రాశాడు, మూడింటిలో రెండు పోయినవి పాసయ్యాడు. మందు ఇంకా వాడుతున్నాడు, ఇంకొన్నాళ్ళు వాడాలి. పోయిన నెల మాత్రలకు వచ్చినప్పుడు బరువు చూశాను, నాలుగు కిలోలు పెరిగాడు. చీటీ రాస్తుంటే, ఆటకు 2024లో కొత్త చట్టాలు అచ్చయ్యాయనీ, కత్తులకు కొత్త గుణాలు పెట్టారనీ, అవి ఒప్పుకోవాలా వద్దా అని జట్టు రెండుగా చీలిందనీ మొదలుపెట్టాడు. బయట లైను పెద్దదిగా ఉంది. కూర్చోమన్నాను.